తడిసిన చీరను మించిన గుర్తు ఏది?

నెలలు నిండకముందే ఉమ్మనీరు పోవడం గురించి వైద్య సదస్సుల్లోనూ పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. గర్భిణి రక్తంలోనో, గర్భసంచి ముఖద్వారం దగ్గరి స్రావంలోనో బయోమార్కర్లను, అంటే జీవరసాయన గుర్తులను, పట్టుకునే పరీక్ష ఒకటి పల్లెకు చేరితే చాలట. ఎవరి ఉమ్మనీటి సంచి ముందే పగలబోతోందో వారాల ముందే తెలిసిపోతుందని, ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని ఉసూర్ లాంటి మారుమూలల్లో పసిబిడ్డల చావులు దాంతో తగ్గిపోతాయని నమ్మకం. డాక్టర్లు ఈ మాట అంటున్నారు, అధికారులు అంటున్నారు, ఆరోగ్య రంగంలో పెట్టుబడి పెట్టేవాళ్లు మరీ గట్టిగా అంటున్నారు.

ఈ వాదనను ముందు దాని బలమైన రూపంలోనే చెప్పుకుందాం. 37 వారాలు నిండకముందే, నొప్పులు మొదలుకాకముందే ఉమ్మనీటి సంచి పగలడం నూటికి సుమారు మూడు గర్భాల్లో జరుగుతుంది. సంఖ్య చిన్నదే. కానీ నెలలు నిండని కాన్పుల్లో దాదాపు మూడో వంతు ఆ దారినే వస్తాయి. ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లల చావులకు అన్నిటికన్నా పెద్ద కారణం నెలలు నిండకుండా పుట్టడమే. పైగా సంచి ఒక్క పూటలో బలహీనపడదు. పొరల్లోని కొల్లాజెన్ కొన్నాళ్లుగా అరుగుతూ వస్తుంది, అరగదీసే ఎంజైములు ఒంట్లో ఆనవాళ్లు వదులుతాయి. ఆ ఆనవాళ్లు ముందే దొరికితే, వీధి చివరే ఆసుపత్రి ఉన్న హైదరాబాదు గర్భిణికన్నా వాగు దాటితే తప్ప ఆసుపత్రి కనపడని ఉసూర్ గర్భిణికే ఎక్కువ మేలు. వానలు పడకముందే ఆమెను పెద్దాసుపత్రి దగ్గరికి చేర్చవచ్చు.

ఇందులోని వాస్తవాలన్నీ నిజమే. వాటి మీద కట్టిన ముగింపే నిలవదు. ఎక్కడెక్కడ కూలుతుందో వరసగా చూద్దాం.

1. పగిలిందని చెప్పడం వేరు, పగలబోతోందని చెప్పడం వేరు

బజారులో ఇప్పటికే దొరికే కిట్లను చూపించి, సైన్సు సిద్ధంగా ఉంది, అందుకోవడమే మన ఆలస్యం అంటున్నారు. మొదటి తిరకాసు ఇక్కడే ఉంది. ఆమ్నీషూర్ అనే కిట్టు పీఏఎంజీ-1 అనే ప్రొటీనును పట్టుకుంటుంది. యాక్టిమ్ ప్రామ్ అనేది ఐజీఎఫ్‌బీపీ-1ను పట్టుకుంటుంది. ఈ రెండూ ఉమ్మనీటిలో దండిగా, మామూలు యోని స్రావంలో అతి తక్కువగా ఉంటాయి. కాబట్టి స్రావంలో అవి కనపడితే సంచికి ఎక్కడో చిల్లు పడిందని అర్థం. జరిగిపోయినదాన్ని నిర్ధారించడమే వీటి పని. వచ్చే వారం ఏం జరుగుతుందో ఇవి చెప్పవు, అందుకు తయారుచేసినవీ కావు.

ఆ నిర్ధారణలోనూ వీటిని గుడ్డిగా నమ్మకూడదు. శుభ్రమైన స్పెక్యులమ్ పెట్టి లోపల నీరు చేరిందేమో కంటితో చూడటం, నైట్రజీన్ కాగితం నీలంగా మారుతుందేమో చూడటం, గాజుపలక మీద ఆరిన చుక్క సూక్ష్మదర్శిని కింద ఫెర్న్ ఆకులా విచ్చుకుంటుందేమో చూడటం పాత పద్ధతులు. నెత్తురు తగిలినా ఇన్ఫెక్షను ఉన్నా నైట్రజీన్ కాగితం మోసపోతుంది, నిజమే. అనుమానం మిగిలినచోట కిట్టు అక్కరకొస్తుంది. కానీ 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వైద్యులకు లేఖ రాసి మరీ హెచ్చరించింది: ఈ పరీక్షల ఫలితం ఒక్కదాన్నే పట్టుకుని నిర్ణయాలు తీసుకోవద్దు, మిగతా పరిశీలనలు మానవద్దు అని. స్పెషలిస్టులు నిండుగా ఉన్న దేశానికే ఆ హెచ్చరిక అవసరమైంది. పరీక్ష ఒక్కటే ఉండి, పక్కన చూసే డాక్టరు లేని చోట ఆ హెచ్చరికను ఎవరు పాటిస్తారు?

ఇక ముందే చెబుతుందని పేరున్నది ఫీటల్ ఫైబ్రోనెక్టిన్. సంచిని గర్భసంచి గోడకు అంటించి ఉంచే జిగురు లాంటి ప్రొటీను ఇది. 22 నుంచి 35 వారాల మధ్య స్రావంలో ఇది కనపడకూడదు. నొప్పులు అనిపిస్తున్న స్త్రీలో ఇది లేకపోతే రాబోయే ఒకటి రెండు వారాల్లో కాన్పు రాదని చాలావరకు ధైర్యం చెప్పవచ్చు. కనపడితే మాత్రం కాన్పు వస్తుందని చెప్పలేం. రాదని చెప్పడంలో గట్టి సాక్షి, వస్తుందని చెప్పడంలో తడబడే సాక్షి. బయోమార్కర్ల పక్షాన వాదించేవాళ్లు ఈ రెండో సగాన్ని మింగేస్తున్నారు.

2. గుర్తు కారణం కాదు

ఉమ్మనీటి సంచికి రెండు పొరలు. లోపలిది ఆమ్నియన్, బయటిది కోరియన్. సంచి బలమంతా ఆమ్నియన్‌లోని కొల్లాజెన్ అల్లికది. ఎంఎంపీ అనే ఎంజైములు, ముఖ్యంగా ఎంఎంపీ-9, ఆ అల్లికను కోస్తాయి. టింప్ అనే ప్రొటీన్లు ఆ కోతకు అడ్డుపడతాయి. నెలలు నిండేకొద్దీ కోతది పైచేయి అవుతుంది, ముఖద్వారం మీదున్న భాగం పలచబడుతుంది. ఇంతవరకూ ప్రకృతి ఏర్పాటే. దాన్ని ముందుకు నెట్టేవి మాత్రం చాలా ఉన్నాయి: కింది నుంచి పాకిన ఇన్ఫెక్షను, మాయ వెనక నెత్తురు చేరడం, కవలలు, ఉమ్మనీరు మితిమీరడం, బీడీ సిగరెట్టు పొగ, ముఖద్వారం పొట్టిగా ఉండటం, వెనకటి కాన్పులోనూ ఇలాగే జరిగి ఉండటం.

ఇన్ని దారుల్లో వచ్చే ఉపద్రవానికి ఒకే గుర్తు దొరుకుతుందని ఆశపడటంలోనే పొరపాటుంది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే గుర్తు పెరిగితే ఒంట్లో ఎక్కడో వాపు ఉందని తెలుస్తుంది. పొగ వచ్చిందంటే నిప్పు ఉన్నట్టే. కానీ అది వంటపొయ్యిదా, చలిమంటదా, పోడు కాల్చిన మంటదా అన్నది పొగను చూసి చెప్పలేం. పైగా పొగను విసనకర్రతో తోలినంత మాత్రాన మంట ఆరదు.

ఇది ఉత్త ఉపమానం కాదు, ప్రయోగాల్లో తేలిన సంగతి. బ్యాక్టీరియల్ వజైనోసిస్ ఉన్న గర్భిణుల్లో సంచి ముందే పగలడం, నెలలు నిండని కాన్పు ఎక్కువని ఎన్నో పరిశీలనలు చెప్పాయి. ఇంకేం, దాన్ని కనిపెట్టి మందిస్తే కాన్పులు ఆగుతాయనుకున్నారు. 2000లో అమెరికా అధ్యయనంలో మెట్రోనిడజోల్ ఇచ్చినా నెలలు నిండని కాన్పులు తగ్గలేదు. ఫ్రాన్స్‌లో 84,530 మంది గర్భిణులను పరీక్షించి, అది ఉన్నట్టు తేలినవాళ్లకు క్లిండమైసిన్ ఇచ్చి చూశారు. 2018లో ఆ ఫలితమూ వచ్చింది: ప్రయోజనం లేదు. గుర్తును చెరిపేశారు, ముప్పు అలాగే ఉంది.

విటమిన్ సి కథ ఇంకా విచిత్రం. కొల్లాజెన్ అల్లికకు ఆ విటమిను కావాలి. 2005లో మెక్సికోలో సుమారు వంద మంది గర్భిణులతో చేసిన చిన్న ప్రయోగంలో, రోజుకు 100 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో సంచి ముందే పగలడం తగ్గింది. ఆశ చిగురించింది. బ్రెజిల్‌లో ఇంకా పెద్ద ప్రయోగంలో విటమిన్ సి, విటమిన్ ఇ కలిపి పెద్ద మోతాదులో ఇచ్చి చూస్తే, 2008లో వెలువడిన ఫలితం తలకిందులైంది: మాత్రలు మింగినవాళ్లలోనే సంచి పగలడం ఎక్కువైంది. రక్తంలో ఒకటి తగ్గింది, దాన్ని నింపితే సరి అనే తర్కానికి ఇంతకు మించిన చెంపపెట్టు ఏముంటుంది?

అసలు ప్రశ్న ఇది. పరీక్ష చేసి ముప్పు ఉందని తేల్చారే అనుకుందాం. తర్వాత ఏం చేస్తారు? పగలబోయే సంచిని పగలకుండా ఆపగల మందు ఈ రోజు లేదు. ముఖద్వారం పొట్టిగా ఉన్న కొందరికి ప్రొజెస్టరాన్, మరికొందరికి కుట్టు ఉపయోగపడతాయి. దానికి రక్తం గుర్తు అక్కర్లేదు, స్కానింగ్ కావాలి. ముందే తెలిస్తే ముందే ఆపవచ్చనే వంతెన కాగితం మీద ఉంది, నేల మీద లేదు.

3. లెక్క వేసి చూస్తే

కొద్దిగా లెక్క వేద్దాం. ఇవి ఊహించుకున్న అంకెలు, పరీక్షకు అనుకూలంగానే తీసుకున్నాను. వెయ్యి మంది గర్భిణుల్లో 30 మందికి సంచి ముందే పగులుతుంది. మన పరీక్ష నూటికి 80 మందిని సరిగ్గా పడుతుంది, ముప్పు లేనివాళ్లలోనూ నూటికి 80 మందిని సరిగ్గా వదిలేస్తుంది. ఇంత మంచి పరీక్ష ఇంకా వాడుకలోకి రాలేదు, అయినా అనుకుందాం. 30 మందిలో 24 మంది దొరుకుతారు, ఆరుగురు జారిపోతారు. మిగిలిన 970 మందిలో ఏ ముప్పూ లేని 194 మందికి కూడా ప్రమాదం అనే ముద్ర పడుతుంది. మొత్తం 218 మందికి చెడ్డ కబురు చెబుతాం, అది నిజమయ్యేది 24 మందికే. తొమ్మిది మందిని భయపెడితే గానీ ఒకరు దొరకరు.

వాస్తవం ఇంతకన్నా చేదు. అమెరికాలో 9,410 మంది తొలి చూలు గర్భిణులను వెంట ఉండి గమనించిన అధ్యయనం 2017లో వెలువడింది. 16 నుంచి 22 వారాల మధ్య చేసిన ఫైబ్రోనెక్టిన్ పరీక్ష, తర్వాత దానంతటదే నెలలు నిండని కాన్పు వచ్చిన 410 మందిలో 30 మందిని మాత్రమే పట్టింది. నూటికి ఏడు పైచిలుకు. మిగతా తొంభై ముగ్గురికి అది ఏమీ కాదనే చెప్పింది. మామూలు గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయడం దండగని ఆ ఫలితమే చెబుతోంది.

ఇప్పుడు ఆ తొమ్మిది మంది ఉసూర్‌లో ఉన్నారనుకోండి. తప్పుడు హెచ్చరిక హైదరాబాదులో ఒక నిద్రలేని రాత్రి, మరో స్కానింగ్ ఖర్చు. ఉసూర్‌లో అది ఇప్పపూలు రాలే కాలంలో చెట్టు కిందికి వెళ్లకపోవడం, తునికాకు కోసే రోజుల్లో కట్టలు కట్టలేకపోవడం, ఇంట్లో ఉన్న పిల్లలను ఎవరికో అప్పజెప్పి జిల్లా కేంద్రమైన బీజాపూర్‌లోనో సరిహద్దు దాటి భద్రాచలంలోనో వారాలు వారాలు గడపడం. ఏడాదికి సరిపడా ఉప్పూ పప్పూ బట్టా ఆ రెండు మూడు నెలల సంపాదనలోనే ఉంటాయి. ఇంత పోగొట్టుకుని వెళ్లినవాళ్లలో తొమ్మిదింట ఎనిమిది మందికి ఏమీ కాకపోతే, మరుసటి ఏడు ఆ ఊళ్లో ఎవరు మాట వింటారు? తప్పుడు హెచ్చరికలకు మూల్యం డబ్బు కాదు, నమ్మకం. ఊరి ఆరోగ్య కార్యకర్త మితానిన్ ఇరవై ఏళ్లకు పైగా ఇంటింటికీ తిరిగి కూడబెట్టిన నమ్మకాన్ని ఒక కిట్టు రెండేళ్లలో ఖర్చు పెట్టేస్తుంది.

4. ఉసూర్ నెత్తురులో ఆ గుర్తు ఏం చెబుతుంది?

బయోమార్కర్లకు ఒక గీత ఉంటుంది. ఆ గీత దాటితే ప్రమాదం, దాటకపోతే లేదు. ఆ గీతను ఎవరి నెత్తురు చూసి గీశారు? ఎక్కువగా అమెరికా, ఐరోపా నగరాల ఆసుపత్రులకు వచ్చిన స్త్రీలను చూసి. అక్కడ వాపును చూపే సీఆర్‌పీ అనే ప్రొటీను పెరిగితే డాక్టరు మొదట గర్భంలో ఇన్ఫెక్షనును అనుమానించవచ్చు. ఉసూర్‌లో? బీజాపూర్ జిల్లా ఛత్తీస్‌గఢ్‌లో మలేరియా భారం ఎక్కువగా మోస్తున్న జిల్లాల్లో ఒకటి. 2020లో మొదలైన 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమం లక్షణాలు లేనివాళ్లనూ ఇంటింటా పరీక్షించింది. ఎందుకంటే జ్వరం లేకుండానే ఒంట్లో మలేరియా దాచుకుని తిరిగేవాళ్లు ఇక్కడ ఎక్కువ. గర్భిణిలో ఆ పరాన్నజీవి మాయలో దాక్కుని అక్కడే వాపు రేపుతుంది. సీఆర్‌పీ పెరుగుతుంది, ఇంటర్‌ల్యూకిన్లు పెరుగుతాయి. ఇప్పుడు ఆ గుర్తు ఉమ్మనీటి సంచి గురించి చెబుతోందా, దోమకాటు గురించి చెబుతోందా?

ఇన్ఫెక్షనుకు గుర్తుగా చూసే తెల్ల రక్త కణాలను గర్భమే మామూలుగా పెంచుతుంది, స్టెరాయిడ్ సూది పడితే ఇంకా పెరుగుతాయి. సికిల్ సెల్, రక్తహీనత, నులిపురుగులు, పంటి చిగుళ్ల వాపు కలిసిన శరీరంలో వాపు గుర్తులు ఎప్పుడూ ఎంతో కొంత ఎత్తులోనే ఉంటాయి. నగరపు గీతను తెచ్చి అడవిలో పెడితే దాదాపు అందరూ ప్రమాదంలో ఉన్నట్టే కనపడతారు. అందరూ ప్రమాదంలో ఉన్నారని చెప్పే పరీక్ష ఎవరి గురించీ ఏమీ చెప్పనట్టే.

మన దేశంలోనూ పరిశోధన లేకపోలేదు. ఫరీదాబాద్‌లోని టీహెచ్ఎస్‌టీఐ సంస్థ 2015 నుంచి గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రిలో వేలాది గర్భిణులను గర్భం తొలి నెలల నుంచి కాన్పు దాకా గమనిస్తూ గర్భ్-ఇని పేరుతో మంచి పని చేస్తోంది. మెచ్చుకోవాల్సిందే. కానీ గురుగ్రామ్ కూడా ఉసూర్ కాదు. ఉసూర్ పక్కనున్న కర్రెగుట్టల పాదాల దగ్గరి కోయ, దోర్ల తెగల స్త్రీ ఆ జాబితాలో లేదు. ఆమె నెత్తుటి చుక్క లేని పరిశోధన నుంచి ఆమె కోసం గీత గీస్తున్నారు.

5. నీళ్లోసుకున్న నెల తెలియకుండా

గర్భం నిలిస్తే నీళ్లోసుకుందని, ప్రసవిస్తే నీళ్లాడిందని తెలుగువాళ్ల మాట. నీళ్లోసుకున్న నాటి నుంచి నీళ్లాడే నాటి దాకా ఎన్ని వారాలో తెలిస్తేనే మధ్యలో పోయిన నీరు ముందే పోయిందో, వేళకే పోయిందో చెప్పగలం. బయోమార్కర్ల గురించి గంటలు మాట్లాడేవాళ్లు ఈ మొదటి అంకె గురించి నిమిషం కూడా మాట్లాడరు.

ఉసూర్ మండలంలో తొలి మూడు నెలల్లో స్కానింగ్ చేయించుకునే గర్భిణులు ఎందరు? చివరి నెలసరి తేదీ రాసి పెట్టుకునే ఇళ్లు ఎన్ని? మిరపకాయల కోతలకు సరిహద్దు దాటి తెలంగాణ చేలకు వచ్చి రెండు మూడు నెలలు ఉండిపోయే గర్భిణి కార్డులో ఆ నెలలు ఖాళీగానే ఉంటాయి. కార్డు హిందీలో, సరిహద్దు ఇవతలి నర్సు తెలుగులో, ఆమె నొప్పి కోయలో. 32 వారాలో 36 వారాలో తెలియకుండా చూసిన ప్రొటీను అంకెకు అర్థం లేదు. ఎందుకంటే ఈ గుర్తులన్నీ వారం వారానికీ మారేవే. గర్భం వయసు లెక్క కట్టే సూత్రాల్లోనూ తేడాలున్నాయి. పాశ్చాత్య జనాభా మీద కట్టిన సూత్రాలు మన గర్భాల దగ్గర తప్పుతున్నాయని గుర్తించి, గర్భ్-ఇని సమాచారంతో ఐఐటీ మద్రాసు, టీహెచ్ఎస్‌టీఐ పరిశోధకులు 2024లో భారతీయ గర్భిణుల కోసం వేరే సూత్రం తయారుచేశారు. పునాది రాయే ఇప్పుడిప్పుడు సరిచేసుకుంటున్నాం, మనవాళ్లు మేడ మీద కలశం గురించి మాట్లాడుతున్నారు.

వయసు తెలియకపోతే ఎంత అనర్థమో లెక్కలతో సహా తెలిసిన ఉదాహరణ ఉంది. నెలలు నిండకుండా పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వవచ్చని 1972లో న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హోవీ నిరూపించారు. గొప్ప మందు, చవక మందు. దాన్ని భారత్ సహా ఆరు దేశాల్లో చిన్న ఆసుపత్రులకూ పల్లెలకూ విస్తరించి చూశారు. సుమారు లక్ష కాన్పుల మీద జరిగిన ఆ ప్రయోగం ఫలితం 2015లో వచ్చింది: పసిబిడ్డల చావులు మొత్తం మీద తగ్గలేదు సరికదా, పెరిగాయి. తల్లుల్లో ఇన్ఫెక్షన్ల అనుమానాలూ పెరిగాయి. అవసరం లేనివాళ్లకు మందు పడటం, పడ్డాక చూసుకునే ఆసుపత్రి లేకపోవడం కారణాలుగా చర్చకు వచ్చాయి. తర్వాత ఐదేళ్లకు అదే తరహా మందును భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లోని 29 ఆసుపత్రుల్లో 2,852 మంది గర్భిణుల మీద, స్కానింగ్‌తో వారాలు సరిచూసుకుని, పసిబిడ్డల వార్డు ఉన్నచోట మాత్రమే పరీక్షించారు. పుట్టిన బిడ్డల చావులు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. మేలు ఎంత స్పష్టంగా కనపడిందంటే ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు.

మందు అదే. ఒకచోట ప్రాణం పోసింది, ఒకచోట తీసింది. తేడా సీసాలో లేదు, సీసా చుట్టూ ఉన్న ఏర్పాటులో ఉంది. నిరూపణ అయిన మందుకే ఈ గతి పట్టినప్పుడు, నిరూపణ కాని గుర్తుకు ఏ గతి పడుతుందో ఊహించుకోవచ్చు.

6. ఉన్న గుర్తును వాడుకోకుండా

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఉమ్మనీరు ముందే పోయిందని చెప్పే గుర్తు ఒకటి ఇప్పటికే ఉంది. దానికి ల్యాబు అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, అనువాదం అక్కర్లేదు. తడిసిన చీర. గర్భిణికే ముందు తెలుస్తుంది, అత్తకు తెలుస్తుంది, మంత్రసానికి తెలుస్తుంది.

ఆ గుర్తు వెంట ప్రకృతి కొంత గడువు కూడా ఇస్తుంది. నెలలు నిండకముందే సంచి పగిలినవాళ్లలో సుమారు సగం మంది వారంలోపే కంటారు, మిగతావాళ్లకు ఇంకా రోజులుంటాయి. కొందరికి గంటలే దొరుకుతాయి, బొడ్డుతాడు జారితే నిమిషాలే. కానీ చాలామందికి ఒకటి రెండు రోజులైనా ఉంటుంది. ఆ రెండు రోజుల్లో చేయాల్సింది వైద్యులందరికీ తెలిసిందే. డెక్సామెథసోన్ ఆరు మిల్లీగ్రాముల సూది పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు. ఎరిత్రోమైసిన్ మాత్రలు పది రోజులు. 4,826 మంది స్త్రీల మీద జరిగి 2001లో వెలువడిన ఒరాకిల్ అధ్యయనం ఆ మాత్రలకు మేలు చూపింది. కో-అమాక్సిక్లావ్ ఇస్తే బిడ్డ పేగులకు ముప్పని కూడా చెప్పింది. సంచి పగిలాక లోపల వేళ్లు పెట్టి చూడకూడదు, ఎందుకంటే ప్రతి వేలూ ఇన్ఫెక్షనుకు దారి చూపుతుంది. పుట్టిన బిడ్డకు ఊపిరి ఇచ్చే వార్డు, ఆ వార్డులో తల్లి గుండెకు హత్తుకుని ఉంచే కంగారూ సంరక్షణ. బిడ్డ పుట్టిన వెంటనే అలా హత్తుకోవడం మొదలుపెడితే చావులు తగ్గుతాయని 2021లో మన దేశమూ పాలుపంచుకున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం తేల్చింది. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త బయోమార్కర్ అక్కర్లేదు.

2014లోనే కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది: పెద్దాసుపత్రికి పంపేముందు ఊరి నర్సు అయిన ఏఎన్ఎమ్ తొలి స్టెరాయిడ్ సూది వేయవచ్చు అని. అందులో కీలకమైన మాట 'పంపేముందు'. సూది బండికి ముందుమెట్టు కావాలి, బండికి బదులు కాకూడదు. పల్లె ప్రయోగం నేర్పిన పాఠమూ ఇదే.

మరి బండి? తాలిపేరు, చింతవాగు పొంగితే ఊళ్లు ద్వీపాలవుతాయి. గర్భిణులను మంచాల మీద, కావళ్లలో మోసుకుంటూ రోడ్డు దాకా తెచ్చిన వార్తలు బీజాపూర్ జిల్లా నుంచి వానాకాలాల్లో వింటూనే ఉన్నాం. పామేడు ఇదే మండలంలో ఉంది. అక్కడికి చేరాలంటే ఏళ్ల తరబడి చర్ల మీదుగా, తెలంగాణ నేల మీంచి చుట్టి వెళ్లడమే దారిగా ఉండేది. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల మీద భద్రతా దళాల ఆపరేషన్ జరిగినప్పుడు దేశమంతా ఈ ప్రాంతం పటం తెరిచి చూసింది. గుట్టలు ఎంత ఎత్తో, గుహలు ఎన్నో, ఏ దారి ఎటు పోతుందో టీవీల్లో గీసి చూపించారు. ఆ పటంలో గర్భిణి నడిచే దారిని ఎవరూ గీయలేదు.

ఇదే జిల్లాలోని జాంగ్లాలో 2018 ఏప్రిల్ 14న ప్రధాని చేతుల మీదుగా దేశంలోనే మొదటి ఆయుష్మాన్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కేంద్రం మొదలైంది. గర్వించదగ్గ రోజే. ఆ రోజు వెలిసిన బోర్డుకు అసలు పరీక్ష వేరే ఉంది. రాత్రి రెండు గంటలకు, ఏడో నెలలో, చీర తడిసిన స్త్రీ ఎన్ని గంటల్లో పసిబిడ్డల వార్డు ఉన్న ఆసుపత్రి గడప తొక్కుతుంది? ఆ గంటలే ఉసూర్‌కు కావాల్సిన బయోమార్కర్. దాన్ని కొలుస్తున్నామా?

7. రెండు ఎదురు మాటలు

మొదటిది: బండి పంపినా వాళ్లే రారు, ఇంటి దగ్గరే కంటారు, చైతన్యం లేదు అని. ఇది నింద, విశ్లేషణ కాదు. మితానిన్ వ్యవస్థ 2002లో ఛత్తీస్‌గఢ్‌లోనే మొదలైంది. దేశమంతా ఆశా కార్యకర్తలు వచ్చింది ఆ తర్వాతే. అంటే మారుమూల ఊరి స్త్రీని నమ్మి పని అప్పగిస్తే ఆమె చేస్తుందని దేశానికి చూపించింది ఈ రాష్ట్రమే. చర్ల, భద్రాచలం ఆసుపత్రుల దాకా రాష్ట్రం దాటి వచ్చే గర్భిణులే చైతన్యానికి రుజువు. మాట తెలియని చోటికి, వెళ్లినా పట్టించుకోని చోటికి, తిరిగి ఎలా రావాలో తెలియని చోటికి వెళ్లడానికి వెనకాడటం చైతన్యలోపం కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త.

రెండోది: అయితే మీరు సైన్సుకు వ్యతిరేకమా, పరిశోధన ఆపేయమంటారా అని. ఈ వ్యాసంలో నేను వాడిన ప్రతి ఆయుధమూ సైన్సు ఇచ్చిందే. బయోమార్కర్ల పరిశోధన జరగాలి. ఎంఎంపీల మీద, యోనిలోని సూక్ష్మజీవుల మీద ఇంకా లోతుగా జరగాలి, ఉసూర్ స్త్రీలను కూడా వాళ్ల అంగీకారంతో, వాళ్ల భాషలో చెప్పి, అందులో చేర్చుకుని జరగాలి. నేను వ్యతిరేకించేది ప్రయోగశాలలో పుట్టాల్సిన జవాబును పాలనా వైఫల్యానికి ముసుగుగా కప్పడాన్ని. రేపు వచ్చే పరీక్ష కోసం ఎదురుచూద్దాం అనే మాట, ఈ రోజు చేయాల్సిన పనికి వాయిదా చీటీ అవుతోంది. ఎదురుచూడటం ఎవరికి సులువు? జీతం నెల నెలా వచ్చేవాళ్లకు. ఏడో నెల గర్భిణికి ఎదురుచూసే గడువు లేదు.

పరిశోధకులకు ఒక షరతు పెట్టాలి. ముప్పు ఉందని చెప్పే ఏ పరీక్షనైనా పల్లెకు తెచ్చేముందు, చెప్పాక ఏం చేస్తారో రాసివ్వాలి. ఎవరు తీసుకెళ్తారు, ఎక్కడ ఉంచుతారు, ఆమె పోగొట్టుకున్న కూలి ఎవరిస్తారు, ఇంట్లో పిల్లలను ఎవరు చూస్తారు. ఈ నాలుగు గళ్లు ఖాళీగా ఉన్న పరీక్ష ఎంత కచ్చితమైనదైనా అది రోగికి వైద్యం కాదు, ఆమె మీద ప్రయోగం.

ప్రభుత్వాలకు చెప్పాల్సింది ఇంకా తక్కువ. తొలి మూడు నెలల్లో ప్రతి గర్భిణికీ ఒక స్కానింగ్. ప్రతి మితానిన్ సంచిలో శుభ్రమైన ప్యాడ్లు, ప్రతి ఏఎన్ఎమ్ దగ్గర డెక్సామెథసోన్, ఎరిత్రోమైసిన్. వానాకాలంలో నెలలు నిండేవాళ్ల జాబితా ముందే, వాగుకు ఇవతలి ఒడ్డున వాళ్లు బస చేయడానికి తిండి పెట్టే ఇల్లు. ఛత్తీస్‌గఢ్ కార్డును భద్రాచలంలో, తెలంగాణ చీటీని బీజాపూర్‌లో చెల్లనిచ్చే ఒప్పందం. కోయ మాట్లాడే నర్సు. వీటిలో ఏదీ నోబెల్ బహుమతి తెచ్చేది కాదు. అన్నీ రేపటి నుంచే మొదలుపెట్టగలిగినవి.

ఇవన్నీ చేశాక కూడా సంచి ముందే పగిలి బిడ్డలు పోతుంటే, అప్పుడు కొత్త గుర్తును పల్లెకు తెచ్చే మాట ఆలోచిద్దాం. ఈ రోజు ఉసూర్‌లో గుర్తులు తక్కువై ఎవరూ చనిపోవడం లేదు. చీర తడిసిందన్న కబురు అందుకోవాల్సినవాళ్లు అందుకోక చనిపోతున్నారు.